అప్‌డేట్: బావగారి క్లెయిమ్ ఒప్పుకున్నారు

కాలిఫోర్నియాలో 24 ఏళ్లు ఫైర్‌ఫైటర్‌గా చేసి, మూడేళ్ల క్రితం రిటైరైన మా బావగారికి ఇప్పుడు మూత్రాశయ క్యాన్సర్ బయటపడింది, వర్కర్స్ కాంపెన్సేషన్ (ఉద్యోగం వల్ల వచ్చే గాయాలకు, జబ్బులకు ఇచ్చే పరిహారం) వస్తుందా అని అడిగాను కదా. వచ్చింది!

ఫైర్‌ఫైటర్లకు వచ్చే క్యాన్సర్‌ను ఉద్యోగం వల్లే వచ్చినట్టు పరిగణించే, కాలిఫోర్నియా లేబర్ కోడ్ 3212.1 సెక్షన్ ఆదుకుంది. చేసిన ఒక్కో పూర్తి ఏడాదికి 3 నెలల చొప్పున, గరిష్ఠంగా 120 నెలల వరకు, చివరిసారి డ్యూటీ చేసిన రోజు నుంచి ఆ రక్షణ ఉంటుంది. ఆయనకు 72 నెలలు. క్యాన్సర్ కారకాలకు గురయ్యారని చూపిస్తే చాలు. జబ్బుకూ వాటికీ సంబంధం లేదని నిరూపించాల్సింది యాజమాన్యమే. అక్క రెండు వారాలు కూర్చుని పాత అగ్నిప్రమాదాల రిపోర్టులన్నీ వెతికి తీసింది. అవే పనికొచ్చాయి.

సోమవారం నుంచి కీమో. ఖర్చు గురించిన టెన్షన్ లేదు. ధైర్యం చెప్పిన అందరికీ కృతజ్ఞతలు.