ట్రేసర్‌కి ‘అన్వేషకం’ కాదు, మనకి ‘అచ్చు’ ఉంది

ట్రేసర్ అంటే ఒంట్లో ఒక పదార్థం ఎటు పోతోందో తెలుసుకోవడానికి గుర్తు పెట్టి పంపే పదార్థం. దానికి తెలుగు మాట ఏదని ఒకరు అడిగితే ఇంకొకరు ‘అన్వేషకం’ అన్నారు. నాకు అది అస్సలు కుదరలేదండి. ట్రేసర్ దేన్నీ వెతకదు, వెతికేది మనం, అది మిగతావాటితో కలిసి ఊరికే నడిచిపోతుంది.

కండలో శక్తి ఎంత వేగంగా తయారవుతోందో కొలిచే పద్ధతే చూడండి. కార్బన్-13 అనే కాస్త బరువైన కార్బన్ రకం ఉన్న ఎసిటేట్‌ని (వెనిగర్‌లోని ఆమ్లం నుంచి వచ్చే పదార్థం) సెలైన్‌లాగా నరానికి ఎక్కిస్తారు. ప్రకృతిలోని కార్బన్‌లో ఈ రకం నూటికి ఒకటికి కాస్త ఎక్కువ, అంతే. ఒక న్యూట్రాన్ బరువే తప్ప రేడియోధార్మికత లేదు కాబట్టి మనిషికి ఇవ్వడానికి భయం లేదు. కండ దాన్ని మామూలు ఎసిటేట్‌లాగే మైటోకాండ్రియాలో (కణంలో శక్తి తయారయ్యే చోటు) క్రెబ్స్ వలయంలోకి (ఆ శక్తి కోసం చక్రంలా తిరిగే రసాయన చర్యలు) తోస్తుంది, ఆ తిరుగుడులో కొంత కార్బన్-13 గ్లూటమేట్ అనే పదార్థంలోకి చేరుతుంది, పిక్క దగ్గర కార్బన్-13ని గుర్తించే అయస్కాంత యంత్రం పెట్టి అది ఎంత త్వరగా పేరుకుంటోందో చూసి వలయం వేగం లెక్కకడతారు. సూది గుచ్చి కండముక్క తీయక్కర్లేదు.

ఇలా గుర్తు పెట్టడాన్ని ఇంగ్లీషులో లేబుల్ చేయడం అంటారు. మన ఊళ్లలో కోడెకి అచ్చు వేసి దేవుడి పేర వదిలేవాళ్లు, అచ్చోసిన ఆంబోతు అనే మాట అక్కడిదే. అందుకే ‘అచ్చు వేసిన ఎసిటేట్’ అందాం అంటాను.

కండకి శక్తినిచ్చే పదార్థాలైన ఫాస్ఫోక్రియాటిన్‌ని 1927లో, ఏటీపీని 1929లో శాస్త్రవేత్త ఫిస్క్‌తో కలిసి బయటపెట్టింది భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు గారు. ఆ కండ గురించి మన భాషలో సూటిగా చెప్పుకోలేకపోతే నాకు బాధగా ఉంటుంది.

> ఇది చదివి ఒకరు అడిగారు: అచ్చోసిన ఆంబోతు ఏ చేలో పడితే ఆ చేలో మేస్తుంది కదండీ. ట్రేసర్ అలా తిరిగితే కొలత తప్పదా?

నిజమే, మంచి మాట అడిగారు. ట్రేసర్ మందలో ఒకటిగా మెలగాలి, వేరుగా ప్రవర్తిస్తే లెక్కంతా పోతుంది. అయితే ‘అచ్చు వాళ్ల నాన్నే’ అంటాం చూడండి, అందులో అచ్చు అంటే ఏమాత్రం తేడా లేనిదని. గుర్తు పడినదీ, మిగతావాటిలాగే ఉన్నదీ, రెండూ ఈ ఒక్క మాటలోనే పలుకుతున్నాయి, లేబుల్ అనే మాటలో ఆ రెండోది లేదు. ఆంబోతుని వదిలేసి అచ్చుని ఉంచుకుందాం. ట్రేసర్‌కి విడిగా కావాలంటే ‘జాడ పదార్థం’ చాలు.