ఇరాక్ యుద్ధంపై లిబర్టేరియన్లు ఎక్కడ విడిపోయారు? కాస్త చెప్పండి

సోమవారం ఎం.ఏ. సెమినార్. ఈ టాపిక్ నేనే అడిగి తీసుకుని ఇరుక్కుపోయాను, ఇప్పుడు టెన్షన్‌గా ఉంది.

తామే మొదలుపెట్టి ఎవరి మీదా బలప్రయోగం చేయకూడదు, ఆత్మరక్షణ మాత్రం తప్పు కాదు. వ్యక్తి స్వేచ్ఛే ముఖ్యం, ప్రభుత్వ జోక్యం వీలైనంత తక్కువగా ఉండాలనే లిబర్టేరియన్ల మూల సూత్రం ఇదేనని అర్థమైంది. 9/11 దాడుల తర్వాత సైనిక చర్యకు అనుమతిచ్చిన 2001 తీర్మానానికి అమెరికా ప్రతినిధుల సభలో రిపబ్లికన్ సభ్యుడిగా ఉన్న లిబర్టేరియన్ రాన్ పాల్ ఓటేశారు. 2002 అక్టోబరులో ఇరాక్‌పై యుద్ధానికి అనుమతిచ్చే తీర్మానాన్ని మాత్రం వ్యతిరేకించారు. ప్రతినిధుల సభలో అలా చేసిన రిపబ్లికన్లు ఆరుగురే. ఇక్కడిదాకా బాగానే ఉంది. కానీ లిబర్టేరియన్ అయ్యుండి కూడా ఇరాక్ యుద్ధాన్ని సమర్థించవచ్చని లా ప్రొఫెసర్ రాండీ బార్నెట్ 2007లో వాల్ స్ట్రీట్ జర్నల్‌లో రాశారు. అక్కడే నా బుర్ర ఆగిపోయింది. నోట్‌బుక్‌లో అటొకరు, ఇటొకరు అని గీత గీస్తే, ‘ఆత్మరక్షణ’ అన్న మాట రెండు వైపులా వచ్చి కూర్చుంది!

అసలు గొడవ సూత్రం దగ్గరా, లేక ప్రమాదం ఎంత దగ్గరలో ఉందన్న అంచనా దగ్గరా? రోడ్లు వేయడానికే ప్రభుత్వాన్ని నమ్మనివాళ్లు పరాయి దేశాన్ని చక్కదిద్దడానికి ఎలా నమ్ముతారు? నాకైతే పాల్ వాదనే సబబుగా తోస్తోంది, కానీ బార్నెట్ పక్షాన గట్టిగా మాట్లాడగలవాళ్లు ఉంటే ముందు మీరే చెప్పండి. మా సార్ అడిగేది అటు వైపు నుంచే.