జపాన్ వీధి గుళ్లలోకి మనం వెళ్లొచ్చా, గేటు బయటే ఆగిపోవాలా?

కృష్ణాతీరం:
ఏప్రిల్‌లో ఆఫీసు పనిమీద టోక్యో వెళ్లినప్పుడు ఒక ఆదివారం యనకాలో తిరిగాను. ఉఎనో పార్కు పక్కన ఉండే పాత పేట అది. 1923 భూకంపాన్నీ యుద్ధంలో పడిన బాంబులనూ చాలావరకు తప్పించుకుంది, ఇప్పటికీ ఇళ్ల మధ్య 70 దాకా గుళ్లున్నాయి. ఒక సందు చివర చిన్న బౌద్ధాలయం కనబడింది, గేటు తీసే ఉంది, మనిషి జాడ లేదు. లోపల గులకరాళ్ల దారి, మెడకు ఎర్రగుడ్డ కట్టిన జిజో (పిల్లల్ని కాపాడతాడని నమ్మే బోధిసత్వుడు) విగ్రహం, ఓ పక్కన పిల్లల సైకిల్, ఆరేసిన బట్టలు. ఐదు నిమిషాలు గేటు బయటే నిలబడి వెనక్కి వచ్చేశాను. అక్కడే ఉండే నా స్నేహితుడు "మంచి పని చేశావ్, అది వాళ్ల ఇల్లు" అన్నాడు. నాకు మాత్రం ఇప్పటికీ మనసు ఒప్పుకోవట్లేదు. తలుపు తీసి ఉన్న బుద్ధుడి గుడిలోకి వెళ్లి దండం పెట్టుకోవడం తప్పెలా అవుతుంది?

నిషికసాయి_నివాసి:
మీ స్నేహితుడు చెప్పిందే కరెక్ట్ అండి. మన ఊళ్లో రామాలయం ఊరందరిదీ, ఇక్కడి వీధి గుడి అలా కాదు. దానికి "దంకా" అని కొన్ని కుటుంబాలుంటాయి (ఆ మాటలో ఉన్నది మన "దానం" అనే మాటే), షోగన్లు ఏలిన ఎదో యుగంలో (1603-1868) ప్రతి ఇల్లూ ఏదో ఒక గుడిలో పేరు రాయించుకోవాల్సి వచ్చేది, ఆ బంధం ఇప్పటికీ చాలా ఇళ్లకు ఉంది. వాళ్ల తాతముత్తాతల సమాధులు ఆ గుడి వెనకే ఉంటాయి. 49వ రోజు కార్యం, సంవత్సరీకం అన్నీ అక్కడే, గుడి నడిచేది కూడా ఎక్కువగా ఆ కుటుంబాలు ఇచ్చే డబ్బుతోనే. 1872లో ప్రభుత్వం పూజారులు పెళ్లి చేసుకోవచ్చని చెప్పాక చాలా గుళ్లు తండ్రి నుంచి కొడుక్కి వస్తున్నాయి, అందుకే మీకు సైకిల్, బట్టలు కనబడ్డాయి. అది నిజంగానే ఒకళ్ల ఇంటి వాకిలి. పోయినేడు నా కళ్లముందే ఒకాయన సమాధి దగ్గర నీళ్లు పోస్తున్న ముసలావిడను వెనకనుంచి వీడియో తీశాడు. ఆవిడ తల దించుకుని పక్కకు జరిగిందే కానీ ఒక్క మాట అనలేదు. మన ఇంట్లో మాసికం జరుగుతుంటే ముక్కూముఖం తెలియనివాళ్లు ఫోన్ పట్టుకుని వాకిట్లోకి వస్తే ఊరుకుంటామా?

బాటసారి:
ఆ వీడియో తీసినవాడిది తప్పే, అందులో రెండో మాట లేదు. వాడి కోసం అందరికీ గేటు వేసేయమంటే మాత్రం నేను ఒప్పుకోను. క్యోటోలో 1985లో నగరపాలక సంస్థ గుళ్ల టికెట్ల మీద పన్ను వేస్తే పెద్ద గుళ్లు తలుపులు మూసుకుని మరీ పోరాడాయి, 1988లో ఆ పన్ను పోయింది. అప్పుడు గుళ్లవాళ్లు గట్టిగా చెప్పిందేమిటి? మా దగ్గరకి వచ్చేవాళ్లు చేసేది చూసిపోవడం కాదు, ఆరాధన అని. అంటే దంకా కాని మనిషి చేతులు జోడించినా అది ఆరాధనే కదా? ఇంకోటి, పల్లెల్లో జనం తగ్గి దంకా కుటుంబాలు లేక పూజారి లేని గుళ్లు ఎన్నో ఉన్నాయి. కొత్త మనిషిని బయటే ఆపేస్తే రేపు ఆ దీపం ఎవరు పెడతారు?

నిషికసాయి_నివాసి:
బాటసారి గారూ, మీరు చెప్పినవి టికెట్ పెట్టి జనాన్ని రమ్మన్న గుళ్లు. అదే క్యోటోలో సైహోజి, నాచు తోట ఉన్న గుడి, జనం తాకిడి తట్టుకోలేక 1977లో మామూలు సందర్శనలు ఆపేసింది, ఇప్పటికీ ముందే బుక్ చేసుకుని వెళ్లాలి. అంత పెద్ద గుడికే అలా అయితే ఒక్క పూజారి, ఆయన భార్య కలిసి ఊడ్చుకునే గుడి సంగతేంటి?

ఒసాకా_అక్క:
ఇద్దరూ గేటు దగ్గరే ఆగిపోయారు, దాని పక్కన ఉండే బోర్డు సంగతి ఎవరూ ఎత్తట్లేదు. చాలా గుళ్లకి వీధివైపు ఒక నోటీసు బోర్డు ఉంటుంది, ప్రవచనం ఎప్పుడు, ధ్యానం ఏ రోజు, ఎవరైనా రావచ్చా అన్నది దాని మీదే రాస్తారు. మా వీధిలో జోదో షిన్షూ అనే బౌద్ధ శాఖ గుడి ఉంది. బోర్డు చదివే ఒక రోజు పొద్దున్న ప్రార్థనకి వెళ్లాను. నలుగురు పెద్దవాళ్లున్నారు, ఒకావిడ తన పుస్తకం నా వైపు జరిపి వేలితో వరస చూపించింది. షోషింగే అనే వాళ్ల శాఖ స్తోత్రం చదువుతున్నారు. మధ్యలో "ర్యూజు" అన్న పేరు వచ్చింది, అంటే నాగార్జునుడు, మన నాగార్జునకొండ పేరులో ఉన్న ఆచార్యుడే. వాళ్ల ఏడుగురు గురువుల్లో మొదటివాడు ఆయన. నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. అయిపోయాక గోషుఇన్, అదే గుడి ముద్ర, వేసిస్తారా అని అడిగాను. మా శాఖలో అది ఇవ్వమండి అని పూజారి మెల్లగా చెప్పారు. సిగ్గేసింది, ముందే కనుక్కోవాల్సింది. కానీ వచ్చే నెల కూడా రమ్మన్నారు. కృష్ణాతీరం గారూ, సమాధుల వైపు మాత్రం వెళ్లకండి, అది వాళ్ల సొంతవాళ్ల కోసం. ముందుభాగం వరకు వెళ్లి చప్పట్లు కొట్టకుండా (అది జపాన్ సొంత మతమైన షింతో గుళ్లలో చేసేది) చేతులు జోడించి వచ్చేయండి. ఎవరైనా ఎదురుపడితే తలవంచి పలకరించండి.

కృష్ణాతీరం:
అక్కా, ఆ గేటు పక్కన బోర్డు ఉన్నట్టే గుర్తు, జపనీస్ రాదు కాబట్టి నేను అటు చూడనేలేదు. నవంబర్‌లో మళ్లీ వెళ్తున్నాను. ఈసారి కూడా చదవలేను కదా, ఏం చేయాలి?

నిషికసాయి_నివాసి:
బోర్డు ఒక్కటే ఫొటో తీసి ఇక్కడ పెట్టండి, గుడి లోపలిది వద్దు. నేను చదివి చెబుతాను. అందరూ రావచ్చని రాసి ఉంటే, మీకు అభ్యంతరం లేకపోతే, ఆ రోజు నేనూ వస్తాను.