కొత్త బ్యాటరీ వేసినా రాత్రికి రాత్రే దిగిపోతోంది, ఎక్కడ వెతకాలి?

ప్రశ్న

పెట్రోలు కారు, 45 ఏహెచ్ (ఆంపియర్-అవర్) బ్యాటరీ. సాయంత్రం బండి ఆపేటప్పుడు ఏ ఇబ్బందీ ఉండదు. తెల్లారి తాళం తిప్పితే టిక్ టిక్ మంటుంది తప్ప సెల్ఫ్ తీసుకోదు. పక్క కారు నుంచి జంపర్ కేబుల్స్ పెడితే వెంటనే స్టార్ట్ అవుతుంది, రోజంతా బాగానే తిరుగుతుంది. మర్నాడు మళ్లీ అంతే.

బ్యాటరీ పాతబడిందంటే కొత్తది వేయించాను. కొన్నాళ్లకే ఇదీ అదే దారి పట్టింది. వర్క్‌షాప్‌లో మళ్లీ బ్యాటరీనే మార్చమంటున్నారు, నాకు నమ్మకం కలగడం లేదు. ఇంట్లో చంటిపిల్ల ఉంది, అర్ధరాత్రి అవసరమొస్తే బండి కదలదేమోనని ఒకటే టెన్షన్. లైట్లన్నీ చూశాను, ఏదీ వెలిగి లేదు. డాష్‌క్యామ్ తర్వాత పెట్టించినది. మామూలు మల్టీమీటర్ ఉంది. ఎక్కడ మొదలుపెట్టమంటారు?

జవాబు

డాష్‌క్యామే అయ్యుంటుందండి. బండి ఆపాక కూడా రికార్డు చేసేలా వైరింగ్ ఇస్తే రాత్రంతా కరెంటు లాగుతూనే ఉంటుంది. దాని ఫ్యూజ్ తీసేసి ఒక రాత్రి చూడండి.

జవాబు

నాది ఆటో ఎలక్ట్రికల్ పని. ఇలాంటి బండ్లు నా దగ్గరికి వచ్చేసరికి చాలాసార్లు రెండో బ్యాటరీ కూడా మారిపోయి ఉంటుంది, అది చూస్తే నాకు బాధేస్తుంది. దయచేసి ఇప్పుడే ఇంకోటి కొనకండి. బ్యాటరీ తనంతట తాను దిగుతోందా, బండి తాగేస్తోందా అన్నది ముందు తేలాలి.

ఛార్జర్‌తో నిండా ఛార్జ్ చేయండి. తర్వాత రెండు నిమిషాలు హెడ్‌లైట్లు వేసి ఆపండి. లేకపోతే పైపై ఛార్జ్ వల్ల మీటరు ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంది. కాసేపు ఆగి వోల్టేజి చూడండి: 12.6 దగ్గరుంటే నిండుగా ఉన్నట్టు, 12.2 అంటే సుమారు సగం. అప్పుడు నెగెటివ్ టెర్మినల్ ఊడదీసి రాత్రంతా వదిలేయండి. ఉదయానికి పెద్దగా తగ్గకపోతే బ్యాటరీ మంచిదే, దొంగ బండిలో ఉన్నాడు.

డాష్‌క్యామ్ సంగతి చూడాల్సిందే, కానీ దానికి ముందు ఒక లెక్క వేసుకోండి. ఆపి ఉంచిన బండి కూడా అలారానికి, గడియారానికి, కంప్యూటర్ మెమరీకి కొంచెం కరెంటు తీసుకుంటుంది. 50 మిల్లీఆంపియర్ల లోపు ఉంటే మేం సాధారణంగా పట్టించుకోం. ఆ చొప్పున పది గంటలకు అర ఏహెచ్ మించదు. గ్లవ్ బాక్స్‌లో 5 వాట్ల బల్బు ఆరకుండా వెలుగుతున్నా అర ఆంపియర్ లోపే. మంచి బ్యాటరీని అది ఒక్క రాత్రిలో పడుకోబెట్టలేదు, రెండు మూడు రోజులు కదపకుండా ఉంచితే పడుకోబెడుతుంది. మీది తెల్లారేసరికే సెల్ఫ్ కొట్టడం లేదంటే, బ్యాటరీ బలహీనంగానైనా ఉండాలి, లేదా రెండు మూడు ఆంపియర్లు పోతూనైనా ఉండాలి.

ప్రశ్న అడిగినవారు

టెర్మినల్ తీసి చూశానండి. రాత్రి 12.6, ఉదయం 12.5. మర్నాడు టెర్మినల్ బిగించి వదిలితే ఉదయానికి 11.7. డాష్‌క్యామ్ ఫ్యూజ్ తీసినా అంతే.

జవాబు

అయితే బండే తాగేస్తోంది. ఇప్పుడు ఎంత తాగుతోందో చూద్దాం. మీటరు ఎర్ర తీగను 10 ఆంపియర్ల సాకెట్‌లో పెట్టి, డీసీ ఆంపియర్లకు తిప్పండి. ఒక మొన నెగెటివ్ పోస్టుకి, ఇంకో మొన నెగెటివ్ కేబుల్ క్లాంపుకి గట్టిగా పట్టించి, ఆ తర్వాత క్లాంపును పోస్టు నుంచి పైకి లేపండి. కరెంటంతా మీటరు గుండానే పోతుంది. మీటరు అలా ఉండగా తాళం తిప్పకండి, హెడ్‌లైట్లు వేయకండి, మీటరు ఫ్యూజ్ ఎగిరిపోతుంది. మొనలు పాజిటివ్ వైపు తగలనివ్వకండి.

మొదట కనిపించే అంకెను చూసి కంగారు పడొద్దు. బండిలోని కంప్యూటర్లు నిద్రపోవడానికి టైము పడుతుంది, కొన్ని బండ్లలో అరగంట దాటుతుంది. బోనెట్ లాకును స్క్రూడ్రైవర్‌తో మూసినట్టు నొక్కి ఉంచండి, రిమోట్ తాళాన్ని దూరంగా పెట్టండి, తలుపులు తీయకండి. అంకె ఒకచోట నిలిచాకే ఫ్యూజులు ఒక్కొక్కటీ తీసి చూడండి. ఏది తీస్తే అంకె దబ్బున పడుతుందో ఆ లైనులోనే తేడా. ఫ్యూజ్ బాక్స్ క్యాబిన్‌లో ఉంటే తలుపు ముందే తీసి పెట్టుకుని, దాని లాకునూ అలాగే నొక్కి ఉంచండి.

ప్రశ్న అడిగినవారు

ముప్పావుగంట ఆగాక 2.4 ఆంపియర్ల దగ్గర నిలిచింది. రెండు బాక్సుల్లోనూ ఫ్యూజులన్నీ తీసి చూశాను. మహా అయితే 0.02 తగ్గుతోంది. ఇంక ఏం మిగిలిందో అర్థం కావడం లేదు.

జవాబు

మీరు చెప్పిన ఈ ముక్క చాలా పనికొస్తుంది. మామూలు ఫ్యూజులన్నీ తీసినా కరెంటు తగ్గలేదంటే, వాటి గుండా వెళ్లని లావు వైర్లే మిగిలాయి. స్టార్టర్‌కి ఒకటి, డైనమోకి (ఇంజిన్ నడిచేటప్పుడు బ్యాటరీని ఛార్జ్ చేసే ఆల్టర్నేటర్‌కి) ఒకటి. నాకు డైనమో మీదే అనుమానం. లోపల ఏసీని డీసీగా మార్చే డయోడ్లు ఉంటాయి, కరెంటు వెనక్కి పోకుండా ఆపేవీ అవే. వాటిలో లీకు వస్తే, ఇంజిన్ ఆగాక బ్యాటరీ కరెంటు డైనమోలోకి తిరిగి పోతుంది. ఇంజిన్ నడిచేటప్పుడు ఛార్జింగ్ 14 వోల్టుల దాకా మామూలుగానే చూపించవచ్చు, అందుకే వర్క్‌షాప్‌లో డైనమో బాగుందంటారు.

పొద్దున్నే ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు డైనమో మీద చెయ్యి పెట్టి చూడండి. మిగతా ఇంజిన్ చల్లగా ఉండి అదొక్కటే గోరువెచ్చగా తగిలితే దాదాపు తేలినట్టే. రూఢి చేసుకోవాలంటే, ముందు నెగెటివ్ పూర్తిగా ఊడదీసి, డైనమో వెనక లావు వైరు విప్పి, కొసకు టేపు చుట్టి, మళ్లీ మీటరు పెట్టండి. ఆ వైరు విప్పి ఉండగా మాత్రం ఇంజిన్ స్టార్ట్ చేయకండి.

ప్రశ్న అడిగినవారు

అదేనండి! డైనమో వెచ్చగా ఉంది. వైరు విప్పితే 2.4 కాస్తా 0.03కి పడిపోయింది. డయోడ్ ప్లేటు మార్పిస్తున్నాను. మీ మేలు మరిచిపోను. బ్యాటరీ మాత్రం అదే ఉంచవచ్చా?

జవాబు

సంతోషం. ఉంచవచ్చు, కానీ ఇన్నిసార్లు అడుగంటా దిగింది కాబట్టి కొంత బలం పోయే ఉంటుంది. పని అయ్యాక బండి ఛార్జింగ్ మీదే వదలకుండా, ఛార్జర్ పెట్టి ఒక రాత్రంతా నిండా ఎక్కించండి. తర్వాత లోడ్ టెస్ట్ చేయించండి. సెల్ఫ్ కొట్టేటప్పుడు వోల్టేజి 9.6 కన్నా కిందికి పోకపోతే వాడుకోండి. డయోడ్ ప్లేటు మార్చేదాకా రోజూ రాత్రి నెగెటివ్ టెర్మినల్ తీసి ఉంచండి, స్పానర్ బండిలోనే పెట్టుకోండి. అర్ధరాత్రి అవసరమొచ్చినా బిగించుకుని బయల్దేరవచ్చు.