«కంచు మ్రోగునట్లు» పద్యంలో రెండో పాదం: చల్లగానా, మెల్లగానా?

శ్రుతిపెట్టె:
మా ఇంట్లో పాట ఆపేసినా స్పీకర్లలోంచి గుంయ్‌మని ఒకటే మోత. ఏమీ పాడనప్పుడు ఏమీ వినపడకపోవడమే మంచి ఆంప్లిఫయర్ లక్షణం అనుకుంటూ ప్లగ్గులు పీకుతుంటే వేమన పద్యం నోటికొచ్చింది. «అల్పుడెపుడు పల్కు నాడంబరముగాను», «కంచు మ్రోగునట్లు కనకంబు మ్రోగునా», ఈ రెండూ ఖాయం. మధ్యలో «సజ్జనుండు పల్కు మెల్లగాను» అని నా నోట్లో నానుతోంది. ఇంట్లో మిగతావాళ్లంతా «చల్లగాను» అంటున్నారు. మోతకి ఎదురుగా నిలబడాల్సింది నెమ్మది కదా, చలువ ఎందుకొస్తుంది?

ఆటవెలదివాసి:
యతి (పాదం మొదటి అక్షరానికి మధ్యలో జతకలవాల్సిన అక్షరం) చూసుకోండి, అక్కడే తేలిపోతుంది. సజ్జ / నుండు / పల్కు / చల్ల / గాను. ఐదూ సూర్యగణాలు (గురువు–లఘువు, లేదా మూడు లఘువులు), నాలుగో గణం మొదట యతి. సకారానికి చకారంతో చెల్లుతుంది, మకారంతో చెల్లదు. ప్రాసయతి (రెండో అక్షరాల పొత్తు) అందామన్నా జ్జకీ ల్లకీ పొత్తు లేదు. «మెల్లగాను» నిలబడదు.

గోదారిగట్టు:
యతితో తేల్చేయడానికి ఇది ప్రబంధం కాదండీ. వేమన పద్యాలు జనం నోట్లో బతికినవి. బ్రౌన్ 1829లో అచ్చు వేయించేనాటికే పాఠభేదాలు కుప్పలు. యతి తప్పినవీ వేమన పేరు మీద బోలెడు తిరుగుతున్నాయి. మా వైపు పెద్దవాళ్లు «మెల్లగాను» అనే చెప్పేవారు.

ఆటవెలదివాసి:
మిగతా మూడు పాదాల్లో యతి చక్కగా కుదిరింది కదండీ. అల్పు–నాడం (న్ తీసేస్తే అ, ఆ), కంచు–కన, విశ్వ–వినుర. ఆ ఒక్క పాదంలోనే ఎందుకు తప్పుతాడు?

నానార్థం:
మీరిద్దరూ రెండో పాదం పట్టుకుని కూర్చున్నారు. అసలు కీలకం మొదటి పాదంలో ఉంది. ఇప్పుడు ఆడంబరం అంటే డాబు, దర్పం. అమరం (అమరకోశం, పాత సంస్కృత నిఘంటువు) నానార్థవర్గం తీయండి: «ఆడంబరస్తూర్యరవే గజేంద్రాణాం చ గర్జితే». వాద్యాల హోరు, ఏనుగు ఘీంకారం. అంటే అల్పుడు గొప్పలు పోతూ మాట్లాడతాడని మాత్రమే కాదు, చప్పుడు చేస్తాడని. అప్పుడే కంచు ఉపమానం అతుకుతుంది. సంస్కృతంలో «నిస్సారస్య పదార్థస్య ప్రాయేణాడంబరో మహాన్» అనే సుభాషితం ఉంది. దాని రెండో సగమూ ఇదే మాట: కంచులో పుట్టినంత ధ్వని బంగారంలో పుట్టదని. అక్కడా ఆడంబరం వెంటే ధ్వని వచ్చింది. కాబట్టి చల్లగా అంటే చప్పుడు లేకుండా అని. «చల్లగా జారుకున్నాడు» అంటాం, చలువగా జారుకున్నాడనా?

వెన్నెలవాకిలి:
నానార్థం గారూ, అమరం దాకా బాగుంది. కానీ జారుకోవడంలో ఉన్న చల్లగా వేరు, పలకడంలో ఉన్న చల్లగా వేరు. జారుకునేవాడు ఎవరికీ తెలియకుండా పోతాడు. సజ్జనుడు ఎవరికీ వినపడకుండా మాట్లాడడు కదా! విన్నవాడి మనసు చల్లబడేలా మాట్లాడతాడు. వేమన దగ్గర నాకు నచ్చేదే ఇది, ఇంట్లో రోజూ వాడే మాట తెచ్చి పక్కన పెడతాడు, అది మెరుస్తుంది. దాన్ని నిశ్శబ్దానికి కుదించకండి.

త్రీఫేజు:
పద్యం మీరు చూసుకోండి, నాకు మోత సంగతి కావాలి. శ్రుతిపెట్టె గారూ, వాల్యూమ్ తిప్పితే మోత మారుతోందా? మారితే అది వాల్యూమ్ నాబ్‌కి ముందు నుంచి, అంటే వైర్ల నుంచో ప్లేయర్ నుంచో వస్తున్నట్టు. మారకపోతే ఆంప్లిఫయర్ లోపలే. స్పీకర్లోంచి కాకుండా డబ్బాలోంచే వస్తుంటే ట్రాన్స్‌ఫార్మర్ రేకులు కంపిస్తున్నట్టు, దానికి ఏ ఫిల్టరూ పనిచేయదు. ఒక్కటి మాత్రం గట్టిగా చెప్తున్నా. మోత పోతుందని ఎవరైనా ఎర్త్ పిన్ను విరిచేయమంటే వినకండి. మోత పోవచ్చు, కానీ లోపల ఫేజు బాడీకి తగిలిన రోజు షాక్ కొట్టేది మనిషికి.

శ్రుతిపెట్టె:
వాల్యూమ్‌తో మారింది. ఒక్కో వైరూ పీకుతూ పోతే సెట్‌టాప్ బాక్సుకి వచ్చే కేబుల్ టీవీ వైరు తీసిన క్షణంలో ఆగిపోయింది. ఆ వైరు చుట్టూ ఉండే లోహపు అల్లిక బయటెక్కడో ఎర్త్ అయి ఉంది, మా ఆంప్లిఫయర్ ఇంటి ఎర్త్‌కి ఉంది. రెండు ఎర్త్‌ల మధ్య ఉన్న కొద్దిపాటి వోల్టేజి తేడా ఆడియో వైరు అల్లిక గుండా కరెంటై పారుతోంది. కేబుల్ వైరుకి ఐసోలేటర్ (సిగ్నల్‌ని దాటనిచ్చి ఎర్త్ దారిని తెంచేది) పెట్టి, సామానంతా ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డు మీదికి తెచ్చాను. మన కరెంటు 50 హెర్ట్జ్ అయినా చిన్న స్పీకర్లు దాన్ని సరిగా పలకలేవు, వినపడేది దాని గుణిజాలైన 100, 150. ఒకటి శ్రుతి (స అంటే C) తంబురా పెట్టుకుంటే మంద్ర పంచమం (కింది స్థాయి ప) 98 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది, దాని పక్కనే ఈ 100. రెండూ కలిసి సెకనుకి సుమారు రెండుసార్లు అల్లాడేవి. నన్ను చంపింది ఆ అల్లాటే.

త్రీఫేజు:
బాగుంది. ఇక స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ ఉంటే కరెంటు పోయినప్పుడు వచ్చే జుర్రుమనే మోత వేరే కథ, సైన్ వేవ్‌ది పెడితే తప్ప వదలదు. మెట్లు లేకుండా తిరిగే ఎలక్ట్రానిక్ ఫ్యాన్ రెగ్యులేటర్ మధ్యలో ఉన్నప్పుడు వచ్చే గరగరా అలాంటిదే, అది కరెంటు సైన్ అలని మధ్యలో కోసేస్తుంది. ఆడియో వైర్లని కరెంటు వైర్ల పక్కనే పడుకోబెట్టకండి. దాటక తప్పకపోతే అడ్డంగా దాటించండి.

నానార్థం:
చూశారా, శ్రుతిపెట్టె గారి ఇంట్లో ఇప్పుడు పాట లేనప్పుడు చప్పుడు లేదు. చల్లగా అంటే ఇదే.

వెన్నెలవాకిలి:
కాదండీ. పాట మొదలయ్యాక తంబురా పక్కన అల్లాట లేకుండా వినపడుతోంది చూడండి, అదీ చల్లగా అంటే. సజ్జనుడు «పల్కు» అన్నాడు, ఊరుకున్నాడనలేదు.

ఆటవెలదివాసి:
ఆ సంగతి మీరిద్దరూ తేల్చుకోండి. నాకు మూడో పాదంలో ఒక పేచీ ఉంది. «కంచు మ్రోగు»లో మ్రో ముందున్న చు లఘువా, గురువా? లఘువనే నా లెక్క. ఒత్తున్నది వేరే పదంలో, పైగా తెలుగు మాట, రేఫ (రవత్తు) తేలికగా పలుకుతుంది. గురువైతే గగ (రెండు గురువులు) వచ్చి సూర్యగణం పోతుంది. ఈ మధ్య అచ్చుల్లో రవత్తు తీసేసి «మోగునట్లు» అని వేస్తున్నారు. గణం చెడదు, కానీ కంచు చప్పుడంతా ఆ రవత్తులోనే ఉందని నాకనిపిస్తుంది.

గోదారిగట్టు:
మా వైపు దాన్ని «మోగునట్లు» అనే అంటారండీ, పెద్దవాళ్లు కూడా. కనకం దగ్గర మాత్రం «మ్రోగునా» అని నొక్కేవారు. అదెందుకో చెప్పగలరా?