సవతి అనుకున్న మనిషి మీద మనసు పడింది, ఇప్పుడేం చేయాలి?

ఆది జాకెట్టు (రాజమండ్రి) అడిగిన ప్రశ్న:

నా తద్దినానికి ఐదు వేలు పంపిన మనిషిని నేను ప్రేమిస్తున్నాను. వెక్కిరింత అనుకోకండి, మొదటి నుంచి చెబుతాను.

నాకు ముప్ఫై ఏడేళ్ళు. జాకెట్లు కుడతాను. నా దగ్గర ఇద్దరు అమ్మాయిలు పని చేస్తారు. ఒకరు కాజాలు, హుక్కులు చూస్తారు, ఇంకొకరు ఫాల్, పికో. పెళ్ళయి పద్నాలుగేళ్ళు. పాప ఆరో తరగతి. ఆయన ఎరువులు, పురుగుమందుల ఏజెంటు. కడియం చుట్టుపక్కల నర్సరీలకు సరుకు వేస్తాడు, వారంలో మూడు రోజులు అటే ఉంటాడు.

కిందటి ఏడాది శ్రావణమాసం. నాకు అన్నం తినడానికి కూడా తీరిక ఉండని నెల. కరెంటు బిల్లు కట్టడానికి ఆయన ఫోను తీశాను. ఫోన్‌పేలో ఒక ఆడమనిషి పేరు మీద మూడు వేలు వచ్చి ఉన్నాయి. పైకి జరుపుకుంటూ పోయాను. నెలనెలా రెండు వేలు, మూడు వేలు, ఒకసారి ఏకంగా నలభై వేలు. జూన్‌లో ఐదు వేలు, దాని కింద 'అక్క తద్దినానికి' అని రాసి ఉంది. మా ఇంట్లో జూన్‌లో ఎవరి తద్దినమూ లేదు.

ఆ నంబరుకు ఫోను చేశాను. తిట్టడానికే చేశాను. తిట్లన్నీ ముందే వరుసగా అనుకుని పెట్టుకున్నాను. "నేను ఫలానా ఆయన భార్యను" అన్నాను. చాలాసేపు మాట లేదు. తరువాత "మీరు కరోనాలో పోయారు కదండీ" అంది.

నేను 2021 జూన్‌లో పోయానట. నా ఫొటోకు ఫోనులోనే దండ వేయించి ఆమెకు చూపించాడట. నా కోసం ఏడ్చాడట కూడా. పద్నాలుగేళ్ళలో నేను జ్వరంతో పడుకుంటే తలకు తడిగుడ్డ వేయని మనిషి! అనుకున్న తిట్లలో ఒక్కటీ నోటికి రాలేదు.

ఆమె పేరు రాయను, ఇక్కడ కడియం అంటాను. వయసు ముప్ఫై మూడు. నాన్నగారి నర్సరీ తనే నడుపుతుంది. పెళ్ళి కాలేదు. ఏడాది తిరగగానే పెళ్ళి చేసుకుంటానని మూడేళ్ళు తిప్పాడు. పుష్కర ఘాట్ మెట్ల మీద మొదటిసారి కలిశాం. బ్యాంకు స్టేట్‌మెంటు మీద ముద్ర వేయించి మరీ తెచ్చింది, నేను తనను నమ్మనేమోనని. కాగితాలు చూడడం అయ్యాక ఇద్దరమూ ఏం మాట్లాడాలో తెలియక మెయిన్ రోడ్డుకు వెళ్ళి రోజ్ మిల్క్ తాగాం. అక్కడ అంది, "ఆ దండ చూసినప్పుడే అనుమానం రావాలి నాకు, అసలు పువ్వుల్లాగే లేవు" అని. పూల మనిషి కదా. ఇద్దరం పగలబడి నవ్వాం.

ఆ తరువాత నాలుగు నెలలు మా మాటలన్నీ అతని గురించే. వకీలు, కాగితాలు, డబ్బు. ఎప్పుడు ఆగాయో తెలియదు. ఇప్పుడు మా మాటలు వేరు. కొబ్బరి పొట్టు ధర పెరిగిందంటుంది, నేను లైనింగు బట్ట ధర చెబుతాను. మహిళలకు ఉచిత బస్సు వచ్చాక ప్రతి ఆదివారం కోటిపల్లి బస్టాండులో దిగుతోంది. వచ్చేటప్పుడు పాపకు ఏదో ఒక మొక్క తెస్తుంది. మా డాబా మీద ఇప్పుడు బట్టలు ఆరేసుకోవడానికి చోటు లేదు.

దసరాకు ముందు తనకు జాకెట్టు కుట్టమంది. ఆది జాకెట్టు తేలేదు. సరే, టేపు తీశాను. ఇరవై ఏళ్ళుగా రోజుకు పది మందిని కొలుస్తున్న చేయి ఇది. కొలుస్తూనే మనసులో పది పనులు ఆలోచించుకుంటాను, అంకె మాత్రం మరిచిపోను. ఆ రోజు ఛాతీ కొలత తీసి, పుస్తకం దగ్గరకు వచ్చేసరికి అంకె పోయింది. మళ్ళీ తీశాను. మళ్ళీ పోయింది. మూడోసారి అద్దంలో తను నన్ను చూస్తోంది.

తను ఏమీ అనలేదు. వెళ్ళేటప్పుడు గుమ్మం దగ్గర నిలబడి, "నిన్ను అక్కా అని పిలవడం మానేస్తాను, నీకు ఇష్టమేనా?" అంది. అంతవరకు 'మీరు' అనే మనిషి.

తెలుగులో మా ఇద్దరి చుట్టరికానికి ఉన్న మాట ఒక్కటే, సవతులు. రెండు కొప్పులు ఒకచోట ఇమడవంటారు. మరి ఇదేమిటి? తనకు పదిహేడో ఏటి నుంచే తన మనసు ఆడవాళ్ళ వైపు అని తెలుసట. రోజూ ఇంట్లో పోరు పడలేక, భార్య పోయిన మనిషైతే తన నుంచి తక్కువ ఆశిస్తాడని అతనికి ఒప్పుకుందట. నాకు అలాంటిది ఎన్నడూ తెలియదు. ఇంటర్‌లో ఒక స్నేహితురాలికి రోజూ జడ వేసేదాన్ని, ఆమె పెళ్ళికి వెళ్ళలేక కడుపునొప్పి అని పడుకున్నాను. దానికి ఇన్నేళ్ళూ కడుపునొప్పి అనే పేరు పెట్టుకున్నాను.

విడాకుల కేసు ఇంకా వేయలేదు, వేరుగా ఉంటున్నాం. పాప నా దగ్గరే ఉంది. నా భయాలు రెండు. ఇది నిజంగా ప్రేమా, లేక ఒకే చోట దెబ్బ తగిలిన ఇద్దరి ఓదార్పా? ఈ సంగతి తెలిస్తే అతను పాపను లాక్కుంటాడా? మూడోది భయం కాదు, ఒళ్ళుమంట. నా జీవితంలో ఇంత మంచి మనిషిని తెచ్చింది అతనే. ఆ వెధవకు ఈ ఒక్క విషయంలో రుణపడి ఉండాలా?

సామర్లకోట రైలు:

తప్పుగా తీసుకోకండి. చదువుతూ నవ్వాను, బాధపడ్డాను కూడా. కాని మీకే సందేహం ఉందంటే అందులో నిజం ఉన్నట్టే. ఇద్దరికీ ఒకడి మీద కసి. కసి కూడా మనుషులను దగ్గర చేస్తుంది, అది చల్లారాక ఏం మిగులుతుంది? ఆరు నెలలు కలవకుండా ఉండి చూడండి. మంచి మానసిక వైద్యుడి దగ్గరకు వెళితే సరిచేస్తారు. ఆడపిల్ల తల్లి, ఆలోచించుకోవాలి.

నల్లకోటు:

వకీలును. మీ కాగితాలు చూడలేదు కనుక ఇది స్థూలంగా చెప్పే మాట అనుకోండి.

పోలీసు భయం పెట్టుకోవద్దు. స్వలింగ సంబంధాన్ని నేరంగా చూసిన 377 సెక్షను నుంచి పెద్దల ఇష్టపూర్వక సంబంధాన్ని 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు తీసేసింది. అదే నెల 27న వ్యభిచారాన్ని నేరంగా చూసే 497ను కొట్టేసింది. కాని నేరం కాకపోవడం వేరు, విడాకుల కేసులో వాడుకోవడం వేరు. హిందూ వివాహ చట్టంలో వివాహేతర సంబంధం విడాకులకు కారణంగా ఇంకా ఉంది. మోసం చేసింది అతను, ఆధారాలు మీ దగ్గర ఉన్నాయి. ఆ బలాన్ని మీ చేతులతో మీరే పోగొట్టుకోకండి. డిక్రీ వచ్చేదాకా ఇద్దరికీ ఒకే చిరునామా వద్దు. అతనికి తెలిసిన పాస్‌వర్డులన్నీ ఈ రాత్రే మార్చేయండి.

అతను ఒప్పుకుంటే పరస్పర అంగీకారంతో విడాకులు తేలిక. ఏడాది వేరుగా ఉండి ఉండాలి. మొదటి అర్జీకి, రెండోదానికి మధ్య ఆరు నెలల ఎడం ఉంటుంది, తగిన కారణం ఉంటే దాన్ని తగ్గించవచ్చని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది. పాప విషయంలో కోర్టు చూసేది పాప మంచినే. ఆరో తరగతి పిల్ల మాట జడ్జిగారు అడిగి వింటారు కూడా. ఇన్నాళ్ళూ ఫీజు ఎవరు కట్టారు, ఆసుపత్రికి ఎవరు తీసుకెళ్ళారు, ఆ రసీదులన్నీ ఒక కవరులో పెట్టండి.

కడియంగారి డబ్బు: అప్పుగా ఇచ్చిన సొమ్ము వసూలు దావాకు సాధారణంగా మూడేళ్ళ గడువు. మొదటి చెల్లింపులు ఎప్పటివో చూసుకుని ఆలస్యం చేయకుండా వకీలును కలవమనండి. 'తద్దినానికి' అన్న ఆ ఒక్క మాట ఆయన ఏమని చెప్పి డబ్బు తీసుకున్నాడో చూపిస్తుంది. ఇంత మంచి సాక్ష్యం నాకు అరుదుగా దొరుకుతుంది.

కలిసి ఉండడం గురించి: పెళ్ళికి మార్గం లేదు, 2023 అక్టోబరు 17 తీర్పులో అది చట్టసభల పని అన్నారు. ఉండడానికి మాత్రం అడ్డు లేదు. 2024 డిసెంబరులో మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టే విజయవాడ కేసులో ఇద్దరు అమ్మాయిలు మేజర్లు, ఇష్టమైనవారితో ఉండవచ్చు, తల్లిదండ్రులు జోక్యం చేసుకోరాదని చెప్పింది. జాయింటు ఖాతా తెరవడానికి, ఒకరికొకరు నామినీగా ఉండడానికి అభ్యంతరం లేదని 2024 ఆగస్టులో కేంద్ర ఆర్థికశాఖ స్పష్టం చేసింది. అయితే నామినీ అన్నంత మాత్రాన వారసులు అయిపోరు. వీలునామా రాసుకోండి. తెల్లకాగితం చాలు, ఇద్దరు సాక్షులు సంతకం చేయాలి, రిజిస్టరు చేయిస్తే ఇంకా గట్టి.

నిజాంపేట ఇద్దరం:

సామర్లకోటవారికి ముందు. 'సరిచేయడం' అన్నారే, ఆ పేరుతో చికిత్స చేస్తే అది వృత్తిపరమైన దుష్ప్రవర్తన అని జాతీయ వైద్య కమిషన్ 2022లోనే చెప్పింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లోనే స్వలింగ ఇష్టాన్ని జబ్బుల జాబితా నుంచి తీసేసింది. మనసు తేలికపడడానికి ఎవరితోనైనా మాట్లాడడం మంచిదే, మేమూ వెళ్ళాం. కాని మమ్మల్ని మార్చమని కాదు.

ఆది జాకెట్టుగారూ, మేము హైదరాబాదులో ఆరేళ్ళుగా కలిసి ఉంటున్నాం. ఇద్దరు ఆడవాళ్ళకు ఇల్లు దొరకడం తేలిక, అదే చిక్కు. అక్కాచెల్లెళ్ళమని చెప్పి దిగాం. మూడో ఏట ఇంటాయన "మీ చెల్లెలికి మంచి సంబంధం ఉందమ్మా" అని ఫొటో పట్టుకుని వచ్చాడు. పోనీ అని పంపేశాం. నాలుగు రోజుల తరువాత అబ్బాయి తల్లిదండ్రులతో సహా వచ్చాడు, పళ్ళు కూడా తెచ్చారు. ఆ రోజు వాళ్ళందరికీ ఉప్మా చేసి పెట్టింది నేనే. ఆ పూట నాకు పట్టిన దుఃఖం ఎవరికీ చెప్పుకోలేను. మీరు ఊరందరికీ చెప్పనక్కరలేదు, కాని చుట్టరికం మాత్రం కల్పించకండి. 'నా మనిషి' అని ఊరుకోండి. వినేవారికి కావలసినంత అర్థమవుతుంది.

తణుకు పంతులమ్మ:

నాకు అరవై ఆరు. మా చిన్నప్పుడు మా వీధి చివర ఇద్దరు ఆడవాళ్ళు ఒకే ఇంట్లో ఉండేవారు, ఇద్దరికీ చిన్నతనంలోనే భర్తలు పోయారు. అప్పడాలు ఒత్తి అమ్మేవారు. వదినామరదళ్ళని అందరం అనేవాళ్ళం. నేను ఉద్యోగంలో చేరాక తెలిసింది, వాళ్ళకు ఏ వరసా లేదని. ఒకావిడ పోతే రెండో ఆవిడ పది రోజులూ మైల పట్టింది. ఊరు కిమ్మనలేదు.

నేను అడిగేది ఒక్కటే. పాప ఆమెను ఏమని పిలుస్తోంది?

ఆది జాకెట్టు:

పంతులమ్మగారూ, గురిచూసి అడిగారు. 'మొక్కల పిన్ని' అంటోంది. నేను నేర్పలేదు, తనే పెట్టుకుంది. మొదటిసారి విన్నప్పుడు కడియం నా వైపు చూసింది. తల్లి చెల్లెలూ పిన్నే, తండ్రి తెచ్చిన రెండో భార్యా పిన్నే కదా. అతను అనుకున్నట్టు జరిగి, నేను నిజంగానే పోయి ఉంటే, పాప ఆమెను అదే పిలుపు పిలిచేది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పాపకు అంతా చెప్పలేదు. "పిన్ని మనతో ఉంటే నీకు ఎలా ఉంటుంది?" అని మాత్రం అడిగాను. "డాబా మీద ఇంక చోటు లేదు కదా" అంది.

నల్లకోటుగారూ, పాస్‌వర్డులు మార్చాను. రసీదుల కోసం బీరువా తీశాను, ఎల్‌కేజీ నుంచి ఉన్నాయి, అన్నింటి మీదా నా సంతకమే. వేరుగా ఉండమన్న మాట మింగుడుపడలేదు కాని పాటిస్తాం. తను ఆదివారం వచ్చి సాయంత్రం బస్సుకు వెళ్ళిపోతుంది.

నిజాంపేటవారూ, ఆ ఉప్మా మాట కడియానికి చదివి వినిపించాను. చాలాసేపు ఏమీ అనలేదు.

సామర్లకోటగారూ, మీ మీద కోపం లేదు, నా సందేహమే మీరు పైకి అన్నారు. కాని ఒకటి చూడండి. ఇక్కడ ఈ ప్రశ్న రాయడానికి అతను చెప్పిన మాటలు కొన్ని సరిచూసుకోవలసి వచ్చి కడియాన్ని అడిగాను. నలభై వేలు ఎందుకు అడిగాడు అంటే తనకు గుర్తు రాలేదు. స్టేట్‌మెంటు తీసి చూడాల్సి వచ్చింది. కసి ఉన్నవాళ్ళు నలభై వేలు మరిచిపోతారా?

జాకెట్టు మాత్రం పాడయింది. చేతులు బిగుతుగా ఉన్నాయట, పాదులు తీయడానికి వంగితే చంక దగ్గర పట్టేస్తోందట. కొలత తప్పు నాదే. ఆదివారం తెస్తానంది, కుట్లు విప్పి మళ్ళీ వేయాలి. ఈసారైనా ఆది జాకెట్టు తెమ్మన్నాను. తేనంది.