పారాబెల్లంలో చివరి సున్న ఏ విభక్తి?

కొల్లేరు కొంగ: జర్మన్ లూగర్ పిస్తోలు ఫొటో చూశాను. పైన మోకీలులా మడిచే భాగం మీద 42 అని ఉంది. దీన్నే పారాబెల్లం అంటారట. ఆ పేరున్న లాటిన్ సామెత సగమే గుర్తొస్తోంది, "శాంతి కావాలంటే..." అని. మిగతాది ఎవరికైనా గుర్తుందా? ఆ 42 తయారైన సంవత్సరమేనా?

నిడదవోలు రైలు: సీ వీస్ పాకెమ్, పరా బెల్లుమ్. శాంతి కావాలంటే యుద్ధం సిద్ధం చేసుకో. ఈ పిస్తోలు మొదట చేసిన డీడబ్ల్యూఎం కంపెనీ నినాదం ఇదే. రోమన్ రచయిత వెజీషియస్ రాసిన వాక్యం కాస్త వేరు, జనం నోట పడి అరిగింది. అన్నట్టు, "పారా" కాదు, "పరా". మొదటిది హ్రస్వం.

పాత పలక: హ్రస్వం సరే. ఆ చివరి మకారం మన డుమువుల్లో "ము" లాంటిదే. బెల్లుము, బెల్లము. ప్రథమా విభక్తి.

నిడదవోలు రైలు: దేన్ని సిద్ధం చెయ్యాలి? యుద్ధాన్ని. ద్వితీయ.

పాత పలక: నపుంసకలింగమండీ! ఫలమ్ శబ్దం వల్లె వేయలేదా? ప్రథమకీ ద్వితీయకీ ఒకటే రూపం. తెలుగులోనూ "అన్నం తిను" అంటామే గానీ "అన్నాన్ని తిను" అంటామా?

నిడదవోలు రైలు: రూపం ఒకటైతే విభక్తీ ఒకటేనా?

మజ్జిగ తేట: ఈ సామెత మన తిక్కనకి కొత్తా? ఉద్యోగపర్వంలో ఒకపక్క రాయబారం, ఇంకోపక్క ఏడు అక్షౌహిణులు. ఆ రాయబారం పద్యాలు ఇప్పటికీ నాకు నోటికొచ్చు.

పాత పలక: రాగం తీసి పాడేవేగా? అవి తిరుపతి వేంకట కవుల నాటకంలోవి. తిక్కన ఖాతాలో వేయకండి.

తుప్పు తాళం: కొంగ గారూ, మోకీలు మీది 42 తయారైన సంవత్సరం కాదు. ఓబెర్న్‌డోర్ఫ్‌లోని మౌజర్ ఫ్యాక్టరీ పేరు దాచడానికి పెట్టిన గుర్తు. మొదట ఎస్/42, తర్వాత ఒట్టి 42, 1941 నుంచి బీవైఎఫ్. సంవత్సరం తూటా గది మీద ఉంటుంది. 1934కి కే, 1935కి జీ అని అక్షరాలే కొట్టారు, ఆ తర్వాత అంకెలు. తిరకాసేమిటంటే, మోకీలు మీద బీవైఎఫ్ ఉండి గది మీద 42 ఉంటే మాత్రం అది 1942. మీ ఫొటోలో గది మీద ఏముంది?

కొల్లేరు కొంగ: సరిగ్గా అక్కడే ఫొటో తెగిందండీ.

నిడదవోలు రైలు: పలక గారూ, "పిల్లి ఎలుకని తింది" అనేటప్పుడు ఆ "ని" తీసేసి చూడండి. అప్పుడు చెప్పండి ప్రథమో ద్వితీయో.